పాట బీరువా దగ్గరికి జరిగింది

జూన్ 9, 2025, సోమవారం

కొత్తవాడ నివాసి, బీకాం పట్టభద్రుడు, పగటిపూట జంపఖానాల నేతగాడు, మిగతా వేళల్లో సంగీత శ్రోత అయిన శ్రీ జీవన్ గారి ఎడమ స్పీకరు ఈ ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు పరమపదించిందని తెలియజేయుటకు చింతిస్తున్నాము.

జబ్బేమీ చేయలేదు. నిన్న సాయంత్రం కూడా నిక్షేపంగా పాడింది. పొద్దున లేచి మొహం కూడా కడగకుండా పాట పెట్టాను. ఏ పాటో రాయను. ఈ డైరీ ఎవరి చేతిలోనైనా పడితే నా పరువు ముఖ్యం. నా కుర్చీ రెండు స్పీకర్లకూ సమాన దూరంలో ఉంటుంది. నేల మీద సుద్దముక్కతో గీసిన నాలుగు గుర్తుల మీద దాని నాలుగు కాళ్ళు. అందులో కూర్చుంటే పాడే ఆవిడ గొంతు ఎడమ డబ్బాలోంచీ రాదు, కుడి డబ్బాలోంచీ రాదు. సరిగ్గా గోడ నడుమ, క్యాలెండరు మేకు దగ్గర నిలబడి పాడుతుంది. అక్కడ ఎవరూ ఉండరు. అయినా ఉంటుంది. మూడేళ్ళు పాత సామాను ఏరుకొచ్చి ఈ సెట్టు కూర్చుకున్నది ఆ మేకు కోసమే.

ఈ రోజు ఆవిడ మేకు దగ్గర లేదు. కుడివైపు, బీరువా దగ్గరికి జరిగిపోయింది. అమ్మ చీరలు మడతపెడుతూ పాడుతున్నట్టు పాడింది.

దీనికి తోడు ఎక్కడో సన్నటి కూత. బయటికి వెళ్ళి చూశాను. వీధి మొత్తం కూస్తోంది. ట్రాన్స్‌ఫార్మరు కావచ్చు.

జూన్ 10

వైర్లు మార్చాను. గుణం లేదు. ట్రాన్స్‌ఫార్మరు ఇంకా కూస్తూనే ఉంది. కరెంటు వాళ్ళకు బాధ్యత లేదు.

జూన్ 12

మగ్గం మీద బాపు అడిగాడు, చేతిలో పని ఆపకుండా.

"పొద్దున పాటలు లేవేందిరా, రెండు దినాల సంది?"

"ఎడమ స్పీకర్ పోయింది బాపూ."

"పోనీ తియ్. ఒక పీడ వదిలింది. గా డబ్బాల ముందట కూసోని కూసోని చెవులు తూట్లు పడ్తయని ఎన్నిసార్లు చెప్పిన?"

"తూట్లు లేకుంటే ఎట్ల ఇంటం బాపూ?"

బాపు నవ్వలేదు. కుమారస్వామి గారు నవ్వరు. పదిహేనేళ్ళు భీవండి పవర్‌లూముల నడుమ నిలబడి వచ్చిన మనిషి. ఆయన లెక్కలో చప్పుడంటే పనితో పాటు వచ్చేది. పని లేకుండా కుర్చీ వేసుకుని మరీ చప్పుడు వినేవాడు ఆయనకు అర్థం కాడు. ఆ అర్థంకానివాడు తన కొడుకే కావడం ఆయన దురదృష్టం.

ఒకే మగ్గం మీద ఇద్దరం పక్కపక్కన కూర్చుని ఒకే జంపఖానా నేస్తాం. ఎడమ సగం ఆయనది, కుడి సగం నాది. ఎవరి సగంలో వాళ్ళం అడ్డంగా పేక దారం పెట్టి, దువ్వెనలాంటి ఇనుప పంజాతో కొట్టి బిగించాలి. ఇద్దరి దెబ్బా ఒక్కలాగ పడాలి. కేసముద్రంలోని ఫంక్షన్ హాలు వాళ్ళకు ఎర్రచారల జంపఖానాలు, నెలాఖరుకు. ఈ రోజు పని బాగానే సాగింది. నేను కొంచెం గట్టిగా కొడుతున్నట్టున్నాను. హుషారు అనుకుంటా.

జూన్ 14

ఎడమ స్పీకరును ఆటోలో నయీముద్దీన్ చాచా దుకాణానికి తీసుకెళ్ళాను. ఈ సెట్టులో సగం సామాను ఆయన దగ్గర కొన్నదే. చాచా దాన్ని బల్ల మీద పెట్టి వైర్లు తగిలించాడు. పాడింది. ఎంత బాగా పాడిందంటే ఎదురుగా టైర్లు అమ్మే ఆయన ఇటు తిరిగి చూశాడు.

"దీనికేమైంది బేటా? మస్తు పాడ్తాంది."

"మీ దగ్గర పాడ్తది చాచా. మా ఇంట్ల పాడదు."

"గట్లయితే లొల్లి మీ ఇంట్లనే ఉన్నది."

వెనక్కి తెచ్చాను. పాడలేదు. అంటే, పాడుతుంది. చెయ్యి పెడితే అదురుతుంది. కానీ దూరంగా, పక్కింట్లో పాడుతున్నట్టు.

జూన్ 16

ఫోను ఎడమ చెవికి పెట్టుకుంటే నెట్‌వర్క్ రావడం లేదు. కుడి చెవికి పెట్టుకుంటే వస్తోంది. ఈ కంపెనీ మార్చాలి.

జూన్ 18

చాచా ఇంటికే వచ్చాడు. నేను నాలుగుసార్లు ఫోను చేస్తే ఎవరైనా వస్తారు.

ముందు యాంప్లిఫయరు మూత తీసి చూశాడు. తరువాత స్పీకర్లను అటుదిటు, ఇటుదటు మార్చాడు. ఆవిడ బీరువా దగ్గరే పాడింది. చాచా గడ్డం గోక్కున్నాడు. కాసేపు పెట్టెల వైపు కాక నా వైపు చూశాడు.

"బేటా, జర కుర్చీ తిప్పు. డబ్బాలకు వీపు పెట్టి కూసో."

కూర్చున్నాను. పాట పెట్టాడు.

"ఇప్పుడు ఏ దిక్కుది పాడ్తలేదు?"

విన్నాను. నిజాయితీగానే చెప్పాను. "బీరువా దిక్కుది. ఇప్పటిదాకా మంచిగ పాడింది గదా చాచా అది."

"మరి రెండు నిమిషాల్ల అది కూడ పోయిందా?"

చాచా పాట ఆపి, మూత బిగించి, స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకున్నాడు. చాయ్ తాగమంటే వద్దన్నాడు. వెళుతూ నా కుడివైపుకు వచ్చి నిలబడి మరీ చెప్పాడు.

"నేను డబ్బాలు బాగుచేసేటోన్ని. నువ్వు దవాఖానకు పో. రేపే పో."

జూన్ 19

చాచా పాతకాలం మనిషి. గది గోడల వల్ల శబ్దం ఎటు నుంచి ఎటు పోతుందో ఆయనకు తెలియకపోవచ్చు. ఇంటర్నెట్‌లో దీని మీద చాలా ఉంది. చెవి గురించి కూడా ఉంది. అది చదవలేదు.

జూన్ 20

చదివాను. మూసేశాను.

జూన్ 21

చెవిలో నీళ్ళు పోయాయని అమ్మకు చెప్పాను. వెల్లుల్లి వేసి కాచిన నూనె రెండు చుక్కలు పోసింది. పక్కకు తిరిగి పడుకుని పావుగంట పప్పులో తాలింపు పాత్ర పోషించాను. లేచాక ఆ చెవి దగ్గర వేళ్ళు రుద్దాను. కుడి చెవి దగ్గర రుద్దితే ఎండుటాకులు నలిగినట్టు చప్పుడు. ఎడమ చెవి దగ్గర రుద్దితే వేళ్ళు రుద్దుకుంటున్నాయి, అంతే.

బాపుకు చెప్పను. "నేను చెప్పలేదా" అనే మాట ఆయన మూడేళ్ళుగా దాచుకుని కూర్చున్నాడు. ఆ అవకాశం ఇవ్వను. పోయేది నా చెవి, గెలిచేది ఆయనా?

జూన్ 22

పోచమ్మ మైదాన్ దగ్గర రోడ్డు దాటుతున్నాను. ఎడమ నుంచి వచ్చిన ఆటో నా చొక్కాను రాసుకుంటూ పోయింది. హారను కొట్టాడట. పక్కన పండ్లమ్మే ఆమె చెప్పింది. "చెవుడా బిడ్డా?" అని కూడా అడిగింది. పాపం, తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికే.

నవ్వాను. ఇంటికి వచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

జూన్ 25

ఈ రోజు జరిగింది వివరంగా రాయాలి. రాయకపోతే రేపు దీన్ని కూడా జోకు చేసేస్తాను.

మధ్యాహ్నం అన్నం తిని వచ్చేసరికి బాపు మగ్గం మీద లేడు. ఎదురుగా నిలబడి జంపఖానాను చూస్తున్నాడు. జేబులోంచి దారం తీసి, ఎర్రచార మీద ఈ అంచు నుంచి ఆ అంచుకు లాగి పట్టుకోమన్నాడు. పట్టుకున్నాను. దారం తిన్నగా ఉంది. చార తిన్నగా లేదు. నడుమ నుంచి నా వైపుకు వంగుతూ వచ్చి, అంచు దగ్గర రెండు వేళ్ళ మందం కిందికి దిగిపోయింది. ఆయన సగం గుల్లగా ఉందనుకున్నాను. కాదు. నా సగం రాయిలాగ బిగిసిపోయింది.

"నీ పంజా పది దినాల సంది పెద్దగ మొత్తుకుంటాంది," అన్నాడు. "హుషార్ల కొడ్తానవనుకున్న. ఎందుకు గంత గట్టిగ కొడ్తానవ్?"

అప్పుడు నాకే తెలిసింది ఎందుకో. దెబ్బ వేస్తే రోజూ ఎంత చప్పుడు వచ్చేదో అంత చప్పుడు వచ్చేదాకా కొడుతున్నాను. సగమే వినబడుతుంటే రెండింతలు కొట్టాను. చప్పుడు సరిపోయింది, బట్ట సరిపోలేదు.

ఏదో ఒకటి అందామని నోరు తెరిచాను. బాపు నా ఎడమ పక్కకు వచ్చాడు. కాసేపు అక్కడే నిలబడి కుడివైపుకు వచ్చాడు.

"ఇప్పుడు నేనేమన్న, చెప్పు?"

"నువ్వేమన్లే బాపూ."

"నాలుగు మాటలన్న."

వాన మొదలైనట్టుంది, రేకుల మీద చప్పుడు అంతా ఒకే పక్క పడుతోంది.

"ఎప్పటి సంది?"

"తొమ్మిదో తారీఖు."

"చాచాకు తెల్సా?"

"తెల్సు."

"మీ అమ్మకు?"

"నీళ్ళు పోయినయని చెప్పిన."

"నాకెందుకు చెప్పలే?"

నేను చెప్పలేదు. ఆయన కూడా, మూడేళ్ళుగా దాచుకున్న ఆ మాట అనలేదు. అంటే బాగుండేది. కూర్చుని మెల్లగా పేక విప్పడం మొదలుపెట్టాడు. పది మూరల బట్ట. నేనూ కూర్చుని నా సగం విప్పాను. పది రోజుల పని సాయంత్రానికి దారమై ఒళ్ళో పడింది. అంతసేపూ ఆయన మాట్లాడలేదు. మాట్లాడాడేమో కూడా తెలియదు.

జూన్ 26

హన్మకొండలో చెవుల డాక్టరు. బాపు పని మానుకుని వెంట వచ్చాడు. పెళ్ళికి, చావుకు తప్ప మానని మనిషి.

బయట వరండాలో ఇద్దరు పట్టే బెంచీ. నేను ఎడమ చివర కూర్చోబోయాను, బాపు నా కుడివైపుంటే మాట వినబడుతుందని. అదే సమయానికి బాపు కూడా ఎడమ చివరకే వచ్చాడు. నేను జరగలేదు. ఆయనా జరగలేదు. బెంచీ మొత్తం ఖాళీగా ఉండగా తండ్రీకొడుకులు ఒక్క మూల కోసం నిలబడి చూసుకుంటున్నారు. నర్సు కూడా చూస్తోంది.

"జరుగు బాపూ. నాకు ఎడమది ఇనబడదు."

"నాకూ ఎడమదే," అన్నాడు.

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

"భీవండి సంది. మగ్గాలు ఎడమ దిక్కుండేటియి. ఒకటి కాదు, నాలుగు."

"ఇన్నేండ్లు ఎవ్వలకు చెప్పలే?"

"చెప్తే పనిల పెట్టుకుంటరా? ఇంటికొచ్చినంక మళ్ళ చెప్పుడెందుకని ఊకున్న. మీ అమ్మ ఎడమ దిక్కునుంచి ఏమన్నంటే కోపమొచ్చినట్టు ఊకుంట. ఆమె కోపమే అనుకుంటది."

మగ్గం మీద ఎప్పుడూ ఎడమ పక్కే ఎందుకు కూర్చుంటాడో, పిలిస్తే మొత్తం మెడ తిప్పి ఎందుకు చూస్తాడో ఇరవై నాలుగేళ్ళకు తెలిసింది. చెవుడు మా వంశంలో వచ్చింది కాదు. దాచిపెట్టడం వంశంలో వచ్చింది. చివరికి గోడ వారగా నిలబడ్డాం ఇద్దరమూ. బెంచీ మీద ఎవరూ కూర్చోలేదు.

గాజు గదిలో కూర్చోబెట్టి కూతలు వినిపించారు. వినబడితే బటను నొక్కాలి. ఎడమ చెవికి వచ్చేసరికి చాలాసేపు బటను నొక్కకుండా కూర్చున్నాను. మొదలుపెట్టలేదేమో అనుకున్నాను. మొదలుపెట్టారట. కాగితం మీద కుడి చెవికి ఎర్ర సున్నాలు, ఎడమ చెవికి నీలం ఇంటూ గుర్తులు. సున్నాలన్నీ పైన వరుసగా నిలబడ్డాయి. ఇంటూలు కిందికి దిగిపోయాయి. సున్నాలు వచ్చినందుకు సంతోషించడం జీవితంలో ఇదే మొదలు.

"ఎన్ని రోజులైంది?" డాక్టరమ్మ అడిగింది.

"పదిహేడు, మేడమ్."

"ఇన్ని రోజులు ఏం చేశావు?"

"స్పీకరు రిపేరు చేయించాను."

ఆమె పెన్ను ఆపి నా వైపు చూసింది. ఇది హఠాత్తుగా వస్తుంది, చాలామందికి కారణం దొరకదు, మొదటి రోజుల్లో వస్తే తిరిగివచ్చే అవకాశం ఎక్కువ, రెండు వారాలు దాటితే బాగా తగ్గిపోతుంది, అని చెప్పింది. అయినా మందులు వేద్దాం, చెవిలో ఇంజెక్షన్లు ఇద్దాం, నెల గడిచేసరికి ఎంత వినికిడి తిరిగొస్తే అంతే మిగులుతుంది అంది.

బాపు గొంతు సవరించుకున్నాడు. "డబ్బాలు పెట్టుకోని ఇంటడమ్మా. దాంతోనేనా?"

"కాదు పెద్దాయనా. దానికీ దీనికీ సంబంధం లేదు."

గెలిచాను. మూడేళ్ళ వాదం డాక్టరు ముందర గెలిచాను. మెట్లు దిగుతుంటే కళ్ళు కనబడలేదు.

జూలై 2

మాత్రలకు ఆకలి. తొమ్మిది చపాతీలు. అమ్మకు నిజం చెప్పాం, నాది మాత్రమే. బాపుది చెప్పవద్దని బాపు ఉత్తరువు.

జూలై 5

చెవిపొర లోంచి సూది. తల ఒక పక్కకు వంచి అరగంట కదలకూడదు. గది గిర్రున తిరిగింది. బాపు నా పాదం పట్టుకుని కూర్చున్నాడు, ఎందుకో పాదం.

జూలై 9

వస్తోంది! పొద్దున అమ్మ గిన్నె కిందపడేస్తే ఎడమ చెవిలో ఖంగుమంది. పరుగెత్తి పాట పెట్టి కుడి చెవి మూసుకున్నాను. వినబడింది. ఎలా వినబడిందంటే, బావిలో పడిన బకెట్టులో కూర్చుని ఆవిడ పాడుతున్నట్టు. పైగా కుడి చెవిలో ఒక శ్రుతి, ఎడమ చెవిలో దానికంటే కాస్త దిగిన శ్రుతి. ఒక్క గాయని, రెండు శ్రుతులు. రెండు చెవులూ తెరిస్తే పాట తనతో తానే పోట్లాడుతోంది.

అయినా వస్తోంది. నెలాఖరుకు ఇంకా వస్తుంది.

జూలై 12

రెండో సూది. నిన్నటిలాగే ఉంది.

జూలై 15

నిన్నటిలాగే.

జూలై 19

మూడో సూది. ఆవిడ మేకు వైపు ఒక జానెడు జరిగింది అనిపించింది. మధ్యాహ్నం మళ్ళీ పెట్టి చూశాను. కుర్చీ జరిగింది, ఆవిడ కాదు.

జూలై 24

గాజు గది. బటను. ఈసారి గట్టిగా ఊహించి కొన్ని నొక్కాను. డాక్టరమ్మ పట్టేసింది. "వినబడినవాటికే నొక్కు బాబూ," అని మెత్తగా అంది.

నీలం ఇంటూలు ఎడమ కొస దగ్గర కాస్త పైకి లేచాయి. మిగతావి అక్కడే. మోటు చప్పుళ్ళు కొన్ని వస్తాయి, సన్ననివి రావు. ఇక మందులు ఆపేద్దాం అంది. మెషీను గురించి ఆలోచించుకోమంది. మొదటి రోజే వస్తే మొత్తం వచ్చేదా అని అడిగాను. చెప్పలేం అంది. ఆమె మంచిది. ఆ మాట అబద్ధం కాదు, కానీ అందులో మంచితనం కూడా ఉంది.

జూలై 25

రాయడానికి ఏమీ లేదు.

జూలై 26

రాయడానికి ఏమీ లేదు.

జూలై 27

స్పీకర్లను పాత జంపఖానాలో చుట్టి, తాడు కట్టి, వాకిట్లో పెట్టాను. చాచా తీసుకుంటానన్నాడు. రెండు డబ్బాలు ఒక్క చెవికి ఎందుకు? ఎడ్లబండికి ఒక్క ఎద్దు మిగిలితే కాడి రెండో కొస ఎవరు మోస్తారు? ఇది సామెత కాదు, ఇప్పుడే కనిపెట్టాను.

బాపు మగ్గం దిగి వచ్చాడు.

"ఎటు పోతానయ్ ఇవి?"

"చాచా దుకాణంకు."

తాడు ముడి పట్టుకుని చూశాడు. నేత పనివాడి కొడుకు వేయాల్సిన ముడి కాదని మొహంలో కనబడింది.

"నీకు గా నడుమ మేకు కాడ పాడేది ఇనబడదు. గంతేనా?"

ఆ మేకు సంగతి ఆయనకు ఎలా తెలుసో నాకు తెలియదు. నేనెప్పుడూ చెప్పలేదు. చాచా చెప్పి ఉంటాడు. లేదా నేను లేనప్పుడు ఆ కుర్చీలో...

"గంతే," అన్నాను.

"ఉండనియ్ కొన్ని దినాలు." తాడు విప్పలేదు. డబ్బాలను మాత్రం వాన పడని చోటికి జరిపి, మగ్గం ఎక్కాడు.

ఆగస్టు 3, ఆదివారం

మగ్గానికి సెలవు. పొద్దున లేచేసరికి స్పీకర్లు ముందరి గదిలో ఉన్నాయి, తాడు చుట్టచుట్టి పక్కన ఉంది. నా కుర్చీ గుర్తుల మీద లేదు. దాన్ని కుడి డబ్బా ఎదుటికి జరిపి ఉంచారు. ఎడమ డబ్బా ముందు అమ్మ వంటింటి ప్లాస్టిక్ కుర్చీ. అందులో బాపు, తలస్నానం చేసి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, దవాఖానకు వచ్చినట్టే వచ్చి కూర్చున్నాడు.

"పెట్టు. నువ్వు రోజు పెట్టేదే."

"బాపూ, నీకు పాటలు..."

"పెట్టురా అంటే."

పెట్టాను. కూర్చున్నాను. మా ఇద్దరికీ కలిపి రెండు చెవులు ఉన్నాయి, రెండూ కుడివే. ఇలాంటి సెట్టును ఏ కంపెనీ అమ్మదు. నా పక్క నుంచి ఆవిడ గొంతు వచ్చింది, తబలా వచ్చింది. ఎడమ పక్కన నాకు గోడ ఉంది. మాట వినబడదని బాపు నా మోకాలు తట్టి, మెడ మొత్తం తిప్పి గట్టిగా చెప్పాడు.

"ఇటు దిక్కు తీగ లెక్క ఏదో వస్తాంది."

"వీణ."

"ఏదో ఒకటి. ఆగింది." కాసేపటికి, "మళ్ళ వచ్చింది. ఈసారి రెండున్నయి."

రెండో వీణ అక్కడ ఉందని నాకు తెలుసు. వందసార్లు విన్నాను. అయినా, "అవునా?" అన్నాను. వంటింట్లోంచి అమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. బాపు ఎడమవైపున. ఏదో అంది. బాపు పలకలేదు. నేను ఆయన చెయ్యి తట్టి గుమ్మం వైపు చూపించాను. ఆయన నన్ను చూశాడు, అమ్మను చూశాడు.

"ఆ దిక్కు నాకు ఇనబడదు వాసంతీ," అన్నాడు. "భీవండి సంది. ఇటొచ్చి చెప్పు."

అమ్మ రాలేదు. అక్కడే గుమ్మం పట్టుకుని నిలబడిపోయింది, పదిహేను, ఇరవై ఏళ్ళ కోపాలన్నీ ఒకటొకటిగా వెనక్కి తిరిగి చూసుకుంటున్నట్టు. తరువాత వచ్చింది. ఇద్దరి నడుమా నేల మీద కూర్చుంది.

పాట చరణంలోకి వెళ్ళింది. మాటిమాటికి అరవలేక బాపు చెప్పడం మానేశాడు. వీణ వచ్చినప్పుడల్లా నా ఎడమ మోకాలి మీద వేలితో కొట్టడం మొదలుపెట్టాడు. పంజా పట్టిన వేలు, మొద్దుగా, గట్టిగా. దెబ్బ పడిన ప్రతిసారీ అక్కడ ఒక తీగ ఉందని తెలుస్తోంది. కానీ ప్రతి దెబ్బా ఒక క్షణం ఆలస్యం.

"బాపూ, తాళం తప్పుతానవ్."

"ఊకోరా," అన్నాడు, వేలు ఆపకుండా. "ఇటు దిక్కు నాది."